మార్సెయ్ కొండమీద

శారదా,

నిన్న విన్నిపెగ్‌కి తిరిగొచ్చాను. రిటైరయ్యాక ఇద్దరం కలిసి చూద్దామనుకున్న మార్సెయ్‌కి, నువ్వు పోయిన రెండేళ్ళకి నేనొక్కణ్ణే వెళ్ళొచ్చాను.

పొద్దున్నే పాత రేవుకి వెళ్ళాను. పడవలు ఒడ్డుకి రాగానే అక్కడే బల్లలు వేసి చేపలమ్ముతారు. భీమిలిలో పెరిగినదానివి, నువ్వుంటే మొప్పలెత్తి చూసి, ఫ్రెంచి రాకపోయినా బేరమాడేదానివి. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

తర్వాత బస్సెక్కి కొండమీది చర్చికి వెళ్ళాను. లోపల పైకప్పు నుంచి చిన్నచిన్న బొమ్మ ఓడలు వేలాడుతున్నాయి. సముద్రం మీంచి క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు మొక్కు తీర్చుకుని ఇచ్చినవట. బయట పిట్టగోడ దగ్గర నిలబడితే ఊరూ, రేవూ, దూరాన దీవులూ అన్నీ కనిపించాయి. చూడమని చెప్పడానికి పక్కకి తిరిగాను.

అటువైపు ఎవరో తెలుగులో మాట్లాడుకుంటున్నారు. కొత్తగా పెళ్ళైన జంట, మన కెనడా వాళ్ళే, ఒషావా నుంచి వచ్చారట. వాళ్ళకి ఫోటో తీసిపెట్టాను.

"ఒక్కరే వచ్చారా అంకుల్?" అని ఆ అమ్మాయి అడిగింది.

"లేదమ్మా, ఆంటీ కింద చేపల దగ్గర ఉండిపోయింది," అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. అన్నాక మాత్రం ప్రాణం కాస్త కుదుటపడింది.

"అయ్యో, ఆవిణ్ణి కూడా కలిసుంటే బావుండేది. ఆంటీని అడిగామని చెప్పండి," అంది బస్సెక్కుతూ.

తప్పకుండా చెబుతానన్నాను. ఆ పిల్ల నిన్ను అడిగింది, శారదా.