నడుము కింద ఏమీ పెట్టని ఇల్లు

అమ్మా,

నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను బడికి వెళ్లిపోయి ఉంటాను. అందుకే ఈ ఉత్తరం బియ్యం డబ్బా మీద పెడుతున్నాను. నాన్నకు చూపించకు.

నిన్న క్లాసులో టీచర్ "వాతావరణ మార్పు అంటే మీకేం గుర్తొస్తుంది?" అని అడిగింది. అందరూ మంచు కరగడం, తెల్ల ఎలుగుబంట్లు అన్నారు. నేను "మా అమ్మ బియ్యం డబ్బా బీరువా మీద పెడుతుంది" అన్నాను. పకపకా నవ్వారు. నవ్వరూ మరి! మన ఇంట్లో విలువైనదేదీ నడుముకు కిందుగా ఉండదని, అన్నం వండాలంటే స్టూలెక్కాలని వాళ్లకేం తెలుసు? తర్వాత టీచర్ ఈ ఊరి మ్యాపు చూపించింది. ముందు ముందు వరద నీళ్లు వచ్చే వీధులకు నీలం రంగు వేశారు. మనం మారడానికి నాన్న చూసిన చవక ఇల్లు, రోడ్డుకంటే దిగువన ఉన్నది, సరిగ్గా ఆ నీలంలోనే ఉంది.

మీరు నీళ్లకు భయపడే కదా మన ఊళ్లో అన్నీ వదిలేసి ఈ పరాయి దేశానికి ఇంత దూరం వచ్చారు. ఇక్కడికీ వస్తాయని ఏ నోటితో చెప్పను? నాకో గది దొరుకుతుందని నాన్న ఎంత సంబరపడుతున్నాడో! నాన్నకు ఇక్కడి భాష రాదు కాబట్టి రేపు ఇంటాయన మాట నాన్నకూ, నాన్న మాట ఆయనకూ చెప్పాల్సింది నేనేగా. ఆయన ఏమన్నా సరే, "ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశాడట" అనేస్తాను. నువ్వు కాదనకు. వాన పడితే చాలు, నాకు నిద్ర పట్టడం లేదు. చాలా భయంగా ఉందమ్మా.

నీ చిట్టెలుక

చిట్టెలుకా,

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఉతికి వేళ్లు నానిపోయాయి. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

అబద్ధం చెప్పకు. ఇద్దరి మాటా ఉన్నదున్నట్టు చెప్పు. ఆ ఇల్లు వద్దని చెప్పేది నేను. మీ నాన్న అలుగుతాడు, మూతి ముడుచుకుని తింటాడు. అది నేను చూసుకుంటాను.

నీళ్లు ఇక్కడికి రావని మేం నమ్మామనుకున్నావా, పిచ్చిదానా? నమ్మితే ఆ స్టూలెందుకు కొంటాను? వాన పడ్డప్పుడల్లా లేచి గుమ్మం దగ్గర నేల తడిమి చూస్తాను. నువ్వు హాయిగా పడుకున్నావని అనుకునేదాన్ని. నువ్వూ మేలుకునే ఉంటావని ఈ ఉత్తరం చదివేదాకా తెలియదు. చదివి ఏడ్చాను.

మన ఊళ్లో ఆ వరదప్పుడు నిన్ను చంకనెత్తుకుని బల్ల ఎక్కాను. నీళ్లు నా నడుము దాకా వచ్చినా నీ పాదం తడవనివ్వలేదు. ఇప్పుడు నువ్వు నాకంటే జానెడు పొడుగు. ఎత్తుకోలేను. అందుకే నువ్వెంత గోల పెట్టినా ఈత క్లాసు మాన్పించలేదు.

ఆదివారం ఈతకు నన్నూ తీసుకెళ్లు. నీళ్ల లోతు చూస్తే నాకు గుండె జారిపోతుంది. అందరిముందూ అరిచినా అరుస్తాను. నవ్వకు. చెయ్యి మాత్రం వదిలిపెట్టకు.

మీ అమ్మ