గది వేడి

శ్రీవారికి,

ఇక్కడ అత్తయ్య, చిట్టి, నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను అని మాత్రం రాయను. క్షేమంగా ఉన్నారని నాకు తెలుసు. ఎలా తెలుసో చివర్లో చెబుతాను. ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని రాస్తున్నాను, టీ ఎప్పుడో చల్లారిపోయింది. పైన మా గదిలో ఒక లెక్క నడుస్తోంది. అది తేలేదాకా నాకు కాలూ చెయ్యీ ఆడేలా లేదు.

ముందు మీ ప్రశ్నలు. చిట్టి పన్ను ఊడింది. నాన్నకి చూపించాలని అగ్గిపెట్టెలో దాచింది, పారేస్తే ఊరుకోనని నన్నే బెదిరిస్తోంది. అత్తయ్య మోకాలు ఫరవాలేదు, నోరు ఇంకా బాగుంది. ఫ్యాను గొడవ మాత్రం తీరలేదు. ఆవిడకి శాలువా కప్పుకున్నా వణుకు, చిట్టికి ఫ్యాను కింద కూర్చున్నా ఉక్క. "అసలు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారా?" అని మొన్న అరిచాను. "నీ ఆఫీసు కోపం మా మీద చూపించకే" అన్నారు మీ అమ్మగారు. అదీ నిజమే.

ఉద్యోగం ఎలా ఉందని అడిగారు. మీరక్కడ ల్యాబులో కొత్త పొడులు చేసేముందు, వాటి అణువులు ఎలా కదులుతాయో కంప్యూటర్లో నడిపి చూసే సాఫ్ట్‌వేర్ మాది కదా. ఇన్నాళ్ళూ దాన్ని మనుషులు వాడేవాళ్ళు. ఇప్పుడు ఏఐ ఏజెంట్లు వాడుతున్నాయి. పని చెబితే చాలు, వాడుక పుస్తకం చదువుకుని వాటంతటవే నడిపేస్తాయి. ఆ పుస్తకాన్ని వాటి కోసం తిరగరాయడమే నా పని. పాతది రాసిన పెద్దాయన రిటైరై హాయిగా ఉన్నాడు. ఆయన రాతంతా "తగినంతసేపు నడపండి", "మామూలు విలువ ఇవ్వండి", ఇదే వరస. మనిషైతే పక్క బల్ల వాణ్ణి అడుగుతాడు. ఏజెంటుకి పక్క బల్ల ఎక్కడిదండీ?

పోయిన నెల ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "గది వేడి దగ్గర నడపండి." అంతే, ఎంతో లేదు. మా సాఫ్ట్‌వేర్ ఇంట్లో థర్మామీటరులా లెక్కపెట్టదు, ఇంతకంటే చలి ఉండదు అనే చోటు నుంచి కెల్విన్లలో లెక్కపెడుతుంది. దానికి గది వేడి అంటే 298. మా అందరికీ అది నోటికి వచ్చు కాబట్టి ఎవరూ రాయలేదు. మరి ఏజెంటు ఎంత పెట్టిందా అని తీసి చూస్తే 25. ఎందుకు పెట్టావని అడిగాను. "గది వేడి అంటే ఇరవై అయిదు డిగ్రీలు. ఏ కొలతో పుస్తకంలో లేదు. ప్రోగ్రాం కూడా తప్పనలేదు" అంది. ఏమని తిట్టను దాన్ని?

25 కెల్విన్లంటే సున్నా కింద దాదాపు 248 డిగ్రీలు, ఆ చలిలో గాలి కూడా గడ్డకడుతుందండీ. ఎలాంటి అణువైనా కిక్కురుమనకుండా కూర్చుంటుంది. "చాలా స్థిరమైన పదార్థం, ఆరబెట్టవచ్చు" అని రిపోర్టు వెళ్ళిపోయింది. ఎక్కడికా అని చూశాను. మీ ల్యాబుకి.

మేనేజరు గారి దగ్గరికి పరిగెత్తాను. "మళ్ళీ నడిపిద్దాం, తేడా వస్తే అప్పుడు చెబుదాం" అన్నారు. "అప్పటికి వాళ్ళు ఆరబెట్టేస్తారు సార్, స్థిరం కాకపోతే ఆరాక ప్రమాదం" అన్నాను. "రాయడం మీ పని. ఆపడం మీ పని కాదు" అని తలుపు చూపించారు.

ఇక మీ చివరి ప్రశ్న. "ఈ బ్యాచి అయిపోతే బదిలీ మీద ఇంటికి వచ్చేసేవాణ్ణి. ఎవడో పని లేని వెధవ మీ కంపెనీ నుంచి ఫోను చేసి ఆపించాడట. వాడెవడో కాస్త కనుక్కో" అని రాశారు. కనుక్కున్నానండీ. వాడు కాదు, నేనే.

మెట్ల దగ్గర నిలబడి మీ సేఫ్టీ ఆఫీసరుకి ఫోను చేశాను. మీ భార్యనని చెప్పలేదు. చెబితే, మొగుడి మీద బెంగతో ఏదో వాగుతోందని కొట్టిపారేస్తారు. ఆదివారం ఫోనులో మీరు ఆ వెధవని తిడుతుంటే ఊ కొట్టాను. నాన్న ఇప్పుడే రాడని చిట్టికి చెప్పిందీ నేనే. అగ్గిపెట్టె గుప్పిట్లో పట్టుకుని తలుపు వెనక ఏడ్చింది.

వంతు వచ్చేసరికి ఇన్నాళ్ళయింది, ఇప్పుడు 298 దగ్గర నడుస్తోంది. ఆ ఫోను చేసింది నేనేనని తెలిసి, పాత జవాబే వస్తే బల్ల ఖాళీ చేసుకోమని మేనేజరు గారు అందరి ముందూ అన్నారు. నాది తప్పయితే మీరు ఇంటికొస్తారు, నేను ఇంట్లో కూర్చుంటాను. నాది ఒప్పయితే మాత్రం... అది తలుచుకోవాలంటేనే భయంగా ఉంది.

పిలిచారు. వెళ్ళొస్తాను.

వెళ్ళొచ్చాను. తెర మీద మీ అణువు కాసేపు ఊగి విరిగిపోయింది. మళ్ళీ నడిపించారు, మళ్ళీ విరిగింది. తడి ఉన్నంతసేపే బుద్ధిగా ఉంటుందట, ఆరిందంటే పేలిపోతుందట. మేనేజరు గారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు. "అక్కడ ఆరబెట్టేది ఎవరో మనిషేనా?" అన్నారు. "పళ్ళెం మీదికి వంగి, చేత్తో. మావారే" అన్నాను. నేనెవరి భార్యనో ఆయనకి అప్పుడే తెలిసింది. మీ ఆఫీసరుకి ఆయనే ఫోను చేశారు.

ఆ వాక్యం కొట్టేసి కొత్తది రాశాను: "వేడి 298 కెల్విన్. గది వేడి అని చెబితే చాలదు, ఎవరి గదో ప్రోగ్రాంకి తెలియదు."

బదిలీ ఎప్పుడొస్తే అప్పుడే రండి, తొందర లేదు. చిట్టి అగ్గిపెట్టె అందిస్తే పుచ్చుకోడానికి మీకు రెండు చేతులుంటే నాకు చాలు.

ఇట్లు,
మీరు కనుక్కోమన్న ఆ పని లేని వెధవ,
చిట్టి వాళ్ళమ్మ