ఐదో కన్నం

బుజ్జికి అన్నయ్య దీవెనలు. ఇక్కడ అమ్మ మోకాలు తప్ప మిగతా అందరం క్షేమం. నువ్వు పంపిన తైలం రాస్తోంది కానీ, మెట్లు ఎక్కొద్దంటే వినదు.

కాలేజీవాళ్ళ పని ఎందుకు ఒప్పుకున్నావని నిష్ఠూరంగా రాశావు. అవును, అడిగింది ఆయనే, మీ కెమిస్ట్రీ మాస్టారు. ఇప్పుడు ప్రిన్సిపాలు. తనిఖీకి పెద్దలు వస్తున్నారని మీథేన్ అణువు బొమ్మ నాచేత చెక్కతో చేయించుకున్నాడు. కార్బన్‌కి నల్లగుండు, హైడ్రోజన్‌కి తెల్లగుండ్లు.

నేను మరిచిపోయాననుకున్నావా? పన్నెండేళ్ళ కిందట బోర్డు మీద కార్బన్‌కి ఐదు గీతలు గీసింది ఆయన. నాలుగే కదా సార్ అన్నది నువ్వు. ఆ ఒక్క మాటకి నెల రోజులు వరండాలో నిలబెడితే, పుస్తకాలు అటకెక్కించి బట్టల కొట్లో చేరిపోయావు. అప్పటినుంచీ నా కడుపు మండుతూనే ఉంది.

ఆ రోజుల్లో నా లేతు మిషను పక్కన కూర్చుని నువ్వు అప్పజెప్పిన పాఠం నాకింకా కంఠతా వచ్చు. కార్బన్ పైవరసలో ఎలక్ట్రాన్లు నాలుగే, కావలసినవి ఎనిమిది. అలాగని అది లాక్కోదు, ఉన్నవి ఇచ్చేయదు. తనొకటి, హైడ్రోజన్ ఒకటి పెడతాయి, ఆ జత ఇద్దరిదీ. నాలుగు జతలతో ఎనిమిదీ నిండిపోతాయి. ఐదోవాడికి చోటు లేదు.

ఇక అసలు సంగతి. అమ్మకు చెప్పకు. నల్లగుండుకి కావాలనే ఐదు కన్నాలు వేశాను. తెల్లగుండ్లూ ఐదిచ్చాను. లెక్కపెట్టుకుంటే బతికిపోయేవాడు. పెట్టుకోలేదు.

తనిఖీ రోజు స్టాండు బిగించడానికి వెళ్ళి అక్కడే నిలబడ్డాను. ఉపన్యాసమిస్తూ ఐదు గుండ్లూ దిగ్గొట్టాడు. వెనక బెంచీ అమ్మాయి లేచి నాలుగే కదా సార్ అంది. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. వచ్చినవాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికి ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నావైపు వేలు చూపించి, చదువులేనివాడు, వీడికేం తెలుసన్నాడు.

"నాలుగని నాకు తెలుసు సార్, మా చెల్లెలు చెప్పింది. మీరే ఐదని దాన్ని నెల రోజులు బయట నిలబెట్టారు. మీరు చెప్పినట్టే చేశాను" అన్నాను.

ఆ పిల్లనీ వరండాలో నిలబెడతాడేమోనని మర్నాడు వెళ్ళి చూశాను. లోపలే కూర్చుని ఉంది.

ఇక ఆ కాలేజీ పని నాకు రాదు. పోతే పోనీ. కానీ పగ తీరిందా అంటే, సగమే తీరింది. మిగతా సగం నీ చేతిలో ఉంది. పరీక్ష ప్రైవేటుగా కట్టడానికి దరఖాస్తు ఈ పార్సిల్లో పెట్టాను. అన్నీ నింపాను, నీ సంతకమే తక్కువ. అది గాలికి ఎగరకుండా, కాలేజీవాళ్ళు తిప్పి పంపేసిన నల్లగుండు కూడా ఇందులోనే ఉంది, పైన పెట్టుకో. ఐదో కన్నం పూడ్చలేదు. పెన్ను నిలబెట్టడానికి సరిగ్గా సరిపోతుంది, చూశాను.

ఇట్లు,
నీ సంతకం కోసం కాచుక్కూర్చున్న
అన్నయ్య