మార్గరెట్ చదును చేసిన నేల

యార్క్‌షైర్‌లో హాలిఫాక్స్ పైనున్న కొండపొలంలో కాపురముంటున్న హన్నా మర్గట్రాయిడ్ అను నేను, వయస్సు డెబ్బది రెండు, అవివాహితను, మోకాళ్లు తప్ప తక్కినవన్నీ సక్రమంగా పనిచేయుచుండగా, స్థిమితమైన బుద్ధితో, ఒకరి ఒత్తిడి గానీ బోధ గానీ లేకుండా వ్రాయించిన వీలునామా ఇది. ఇంతకుముందు వ్రాసినవన్నీ రద్దు. అమలు బాధ్యత వకీలు క్రాబ్‌ట్రీ గారిది.

1. మా నాన్న ఈ పొలం నాకు రాస్తూ ఒక షరతు పెట్టారు. నన్ను చేసుకునేవాడు ఇల్లరికం రావడమే కాదు, తన ఇంటిపేరు వదిలి మాది పెట్టుకోవాలి. కాదంటే పొలం మా పెదనాన్న కొడుకు విల్‌ఫ్రెడ్‌కు పోతుంది. ఆస్తిపరులకు ఇది పాత అలవాటే. రాతిగోడలు కట్టే ఈనక్ సట్‌క్లిఫ్ నన్ను చేసుకుంటానన్నాడు. షరతు విని, "నీకోసం ఏదైనా చేస్తాను హన్నా, మా నాన్న పేరు మాత్రం చెరుపుకోలేను" అన్నాడు. పొలం నాకు మిగిలింది. చాలా ఏళ్లు ఏడ్చాను.

2. హాల్లోని వంశవృక్షం పటం, బంగారు చట్రంతో సహా, విల్‌ఫ్రెడ్‌కు. అందులో మగవాళ్లందరూ ఉన్నారు, వాళ్లను కన్న తల్లులు ఒక్కరూ లేరు. నా చెల్లెలి కూతురు ఈడిత్ చేసుకోబోయే బస్సు కండక్టరు డోనెలీకి కూడా ఆ షరతే పెట్టమని విల్‌ఫ్రెడ్ మొన్న వచ్చి చెప్పాడు. "లేకపోతే గేటు మీద డోనెలీ అని రాసుకుంటారు. మన పరువేం కావాలి?" అన్నాడు. తన వాటా పొలాన్ని గుర్రప్పందేల్లో కరిగించినవాడికి పరువు గుర్తొచ్చింది.

పటంతోపాటు అతనికి ఒక మాట కూడా ఇస్తున్నాను. మా ఇంటిపేరు చివరనున్న రాయిడ్ అంటే అడవి నరికి చదును చేసిన నేల అని ఈ లోయలో గొర్రెల కాపరికీ తెలుసు. దాని ముందున్న మర్గట్, నలిగిపోయిన మార్గరెట్ పేరే. ఎప్పటి మనిషో, ఆమె నేల అది. అక్కడ బతికినవాళ్లను ఆ నేల పేరుతో పిలిచారు, అదే ఇంటిపేరైంది. మగవాడితోనే నిలవాలని మేం ఇన్నాళ్లూ కాపాడుకొచ్చింది ఒక ఆడమనిషి పేరు. నాన్నకూ ఇది తెలుసు, నవ్వుతూ చెప్పేవారు. షరతు రాసేటప్పుడు మాత్రం నవ్వలేదు.

3. ఇల్లు, పొలం, గొర్రెలు, కుక్క సర్వహక్కులతో ఈడిత్‌కు దఖలు. పొలం చేజారుతుందన్న భయంతో ఆ పిల్ల పోయిన చలికాలం నుంచి పెళ్లి వాయిదా వేస్తోంది. ఏ షరతూ లేదు. డోనెలీ డోనెలీగానే రావచ్చు. గేటు మీద పేరు వాళ్లిష్టం, గొర్రెలకు వేళకు మేత పడితే చాలు. ఇక ఆలస్యం చేయకు తల్లీ.

4. పొయ్యి పక్కనున్న కుర్చీ ఈనక్‌కు. భార్య పోయాక ప్రతి ఆదివారం టీకి వచ్చి అందులోనే కూర్చుంటున్నాడు. పైపొలం గోడ అతను కట్టిందే, ఇంతవరకు ఒక్క రాయి కదల్లేదు. నేను పోయాక కూడా అతనికి టీ ఇవ్వాలి. చక్కెర ఎక్కువ వేయమంటాడు, వేయండి.

5. నా సమాధి రాతి మీద హన్నా అని మాత్రం చెక్కించండి. ఇంటిపేరు వద్దు. నేల చదును చేసిన నాడు మార్గరెట్‌కూ లేదు.

1934 మార్చి తొమ్మిదో తేదీ.

సంతకం: హన్నా మర్గట్రాయిడ్ (చట్టం అడుగుతుంది కనుక)

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
ఆమోస్ ఫెదర్, కమ్మరి
సెలీనా హోర్స్‌ఫాల్, మంత్రసాని