మిగిలిన బోల్టు

నాన్నా, మేమంతా క్షేమమే, నా మనసే ఒకచోట నిలవడం లేదు. కారు బ్రేకు ప్యాడ్లు షాపులో వేయిద్దామని మీ అల్లుడంటే, "మెకానిక్ కూతుర్ని, నాకెందుకు షాపు?" అని నేనే బిగించాను. తీరా చూస్తే ఒక బోల్టు మిగిలింది! దాన్ని ఈ కార్డు మీద పెట్టి చుట్టూ గీశాను, ఎక్కడిదో చెప్పు. ఆయనకి చెప్పలేక తాళాలు బియ్యం డబ్బాలో దాచాను.

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? తమ్ముడి చేత నీ పాత పానా పంపించు.

ఇంతవరకు రాసేసరికి ఆయనకి తాళాలు దొరికాయి, పిల్లలు కారెక్కేశారు. పరిగెత్తి కారుకి అడ్డంపడి అంతా కక్కేశాను. షాపువాణ్ణి ఇంటికే రమ్మన్నాం. బోల్టు ఎక్కడిదో వాడు చెప్తాడు, సరే. అయినా నువ్వు రాసేదాకా నేను ఆ కారెక్కను. అమ్మకి నమస్కారాలు.

ఇట్లు, సగం మెకానిక్ అయిన నీ కూతురు