జడ్జిగారి గుర్రం

వెంగళరావు నగర్,
జూన్ 3.

ఫిల్మ్‌నగర్ కళాకారుల సమాచార కేంద్రంలోని డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ గారికి,

అయ్యా, నేను ఇరవై ఏడేళ్లుగా సినిమాల్లో జడ్జి వేషాలు వేస్తున్నాను. ఎంతమందికి ఉరిశిక్ష వేశానో నాకే గుర్తులేదు. మీ మేనేజరు పట్టాభిరామయ్య గారు కోర్టు సీను అనగానే నాకే ఫోన్ చేసేవారు. ఆయన రిటైరయ్యారు, కంప్యూటరు వచ్చింది. నెలరోజులుగా నాకు ఒక్క కోర్టు లేదు.

నిన్న మాత్రం ఫైట్ల మేనేజరు నర్సింహ ఫోన్ చేశాడు. "సార్, పదో తారీఖు పొద్దుగాల ఆరింటికి షేక్‌పేట రావాలె. మొదటి అంతస్తు మీదికెళ్లి దుంకుడు. కింద అట్టపెట్టెలు పెట్టిస్తం, ఫికర్ చేయకండి" అన్నాడు.

నాకు అరవై ఆరేళ్లు. బస్సు దిగాలంటేనే కండక్టరు చెయ్యి పట్టుకుంటాను. నా పేరు ఎవరిచ్చారని అడిగితే కంప్యూటరే ఇచ్చిందన్నాడు. ఇంతకీ ఆ కంప్యూటరు దగ్గర కూర్చుని మీరు చేసే పనేమిటి?

ఇట్లు,
వేమవరపు సత్యనారాయణమూర్తి

తా.క. ఫోన్లో చెబితే అదీ కంప్యూటర్లోకి పోతుందని కాగితం మీద రాస్తున్నాను. మీరూ కాగితం మీదే జవాబివ్వండి.


ఫిల్మ్‌నగర్,
జూన్ 7.

గౌరవనీయులైన మూర్తి గారికి,

నమస్కారాలండీ. నేను అయ్యను కాను, అమ్మాయిని. పేరు హరిణి.

నా పనేమిటని అడిగారు. రెండు వేలమంది కళాకారుల వివరాలు చెక్కుచెదరకుండా చూడటం. పొద్దున్నే రాగానే, ముందురోజు తీసిన నకలు సరిగ్గా ఉందో లేదో చూస్తాను. ఎవరు ఏ వివరం చూడొచ్చో, ఎవరు మార్చొచ్చో ఆ అధికారాలు నేనే ఇస్తాను. ఏదైనా చెడిపోతే పాత నకలు తెచ్చి పెడతాను.

మీ వివరాలు ఇంకెవరివాటితోనో కలిసిపోయాయని నా అనుమానం. అదే నిజమైతే మిమ్మల్ని పోయిన నెల స్థితికి తీసుకొస్తాను.

భవదీయురాలు,
హరిణి

తా.క. దయచేసి దూకకండి.


వెంగళరావు నగర్,
జూన్ 11.

అమ్మా హరిణీ,

ఆశీస్సులు. కోపం మాత్రం తగ్గలేదు.

నన్ను పోయిన నెల స్థితికి తెస్తానన్నావు. పోయిన నెల నాకు చికెన్‌గున్యా. మళ్లీ అందులోకి తోస్తావా? పైగా నా నకలు తీసి దాచానని నువ్వే ఒప్పుకున్నావు. ఎవరిని అడిగి తీశావు? నేనొక్కణ్ణి ఉండగానే కోర్టు దొరకడం లేదు, ఆ నకలు కూడా బజార్లోకొస్తే మా ఇద్దరికీ కలిపి అరకోర్టు కూడా దక్కదు.

దూకడానికి నేను వెళ్లలేదు, అయినా నర్సింహ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గుర్రం. జూబ్లీహిల్స్‌లో జమీందారు బంగళా సెట్టు వేశారట. ఫోన్లో తిట్టి లాభం లేదు. ఆటో మాట్లాడుకున్నాను. ఆ డైరెక్టర్నీ, నర్సింహనీ, వీలైతే గుర్రాన్నీ నాలుగు దులిపి వస్తాను.

ఇట్లు,
ఒక్కడే అయిన సత్యనారాయణమూర్తి

తా.క. పట్టాభిరామయ్య గారికి నకళ్లు లేవు, అధికారాలు లేవు. ఒక్క బుర్ర ఉండేది.


ఫిల్మ్‌నగర్,
జూన్ 16.

మూర్తి గారికి,

నమస్కారాలు. మీ కోసం కంప్యూటరు వచ్చిన రోజు నుంచీ ఉన్న నకళ్లన్నీ తిరగేశాను. అన్నిట్లోనూ ఒకే మాట ఉంది. మీ పేరుతో ఇంకెవరూ లేరు. ఏదీ కలిసిపోలేదు.

చివరికి బీరువాలోంచి మీ పాత దరఖాస్తు తీశాను. 1998లో మీరు స్వయంగా నింపింది. 'వచ్చిన విద్యలు' అన్నచోట మీ చేతిరాతతో ఇలా ఉంది: గుర్రపు స్వారీ, కత్తియుద్ధం, మేడ మీంచి దూకడం, ఈత. జడ్జి అన్న మాట ఎక్కడా లేదు. పట్టాభిరామయ్య గారు మీ మొహం చూసి పిలిచేవారు. కంప్యూటరు మీరు రాసింది చదివి పిలుస్తోంది.

మనిషి సంతకం లేకుండా వివరాలు మార్చడం నా ఉద్యోగంలో కుదరదు. దిద్దుబాట్లు రాసి సంతకం పెట్టి పంపండి. దరఖాస్తు జిరాక్సు జతచేస్తున్నాను.

భవదీయురాలు,
హరిణి

తా.క. ఆ కాగితం ప్రకారం మీ వయసు ఇప్పుడు యాభై ఐదు. అదీ దిద్దమంటారా?


వెంగళరావు నగర్,
జూన్ 20.

చిరంజీవి హరిణికి,

ఆశీస్సులు. ఆ చేతిరాత నాదే. ఆ రోజు క్యూలో నా ముందున్నవాడు కర్రసాము, పల్టీలు అని రాశాడు. వాడికంటే తక్కువ తినలేదని నేనూ రాశాను. నటుడి గొప్పలు అక్షరాలా నమ్మే యంత్రం ఒకటి వస్తుందని నాకెవరు చెప్పారు? తప్పు నాదే, అయినా కోపం నీమీదే.

ఇక గుర్రం సంగతి. తిడదామని వెళ్లినవాణ్ణి నోరు తెరిచేలోపు ఎక్కించేశారు. అది అంగుళం కదల్లేదు. నేను పావుగంట దాన్ని తిట్టాను, తర్వాత నర్సింహని, తర్వాత కెమెరా దగ్గరున్న అందర్నీ. డైరెక్టరు కట్ చెప్పలేదు. కదలని గుర్రం మీద ఊరిని తిట్టే జమీందారు వేషం నాకు ఖాయమైంది. ఇరవై ఏడేళ్లలో "ఆర్డర్, ఆర్డర్" తప్ప మాట ఎరగని నాకు పదకొండు సీన్లు, అన్నిట్లో డైలాగులు.

కాబట్టి కత్తి, మేడ, ఈత తీసెయ్. జడ్జి చేర్చు. గుర్రం ఉంచు. వయసు జోలికి వెళ్లకు. కింద సంతకం చేశాను.

ఇట్లు,
వేమవరపు సత్యనారాయణమూర్తి

తా.క. ఆ దరఖాస్తులో 'వివాహం' అన్నచోట 'కాలేదు' అని ఉంది. హీరో వేషం వస్తుందేమోనన్న ఆశతో రాశాను. అప్పటికే ఇద్దరు పిల్లలు. మా ఆవిడ జగదాంబ వచ్చే వారం మీ ఆఫీసుకొచ్చి నీకు కృతజ్ఞతలు చెబుతానంటోంది. ఆ గడి చూసే అధికారం లోకంలో ఎవరికీ లేకుండా చెయ్యి తల్లీ. నీ ఉద్యోగం ఎంత గొప్పదో ఇప్పుడర్థమైంది.