నాయన మెలేసిన తీగ

నంద్యాల, సోమవారం

అమ్మా, ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. నాయన కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పగానే గోడ మీది క్యాలెండరు చదివేశాడు. శుక్రవారం ఇంకోసారి చూసి ఇంటికి పంపిస్తారు. కంట్లో దుమ్ము పడకుండా కారు అద్దాలు మూసుకొని పొమ్మన్నారు. ఈ ఎండలో ఏసీ లేకుండా ఆళ్లగడ్డ దాకా ఎట్లా అని భయపడి, మన పాత కారును ఇక్కడ ఖాజావలి అనే మెకానిక్‌కు చూపించాను.

"ఊరికే గ్యాస్ నింపుకుంటా పోతే ఏం లాభం తల్లీ? ముందు యాడ కారుతాందో సూడాల" అని, కొంచెం గ్యాస్ పంపి సబ్బు నురగ పూశాడు. కారు ముందు భాగంలో జల్లెడలా ఉండే కండెన్సర్ దగ్గర బుడగలు వచ్చాయి. ప్రతి అమావాస్యకూ నువ్వు గుచ్చి ఇచ్చే నిమ్మకాయల దండ ఉంది కదా, దాన్ని కట్టిన ఇనుప తీగ కొన అక్కడే గుచ్చుకొని ఉంది. చిల్లు పూడ్చి గ్యాస్ నింపాడు. ఇప్పుడు లోపల కూర్చుంటే చలి పుడుతోంది.

ఆ తీగ నాయనకు చూపించాను. "దారం ముడి ఏసేదానికి కండ్లు ఆనక, తడుముకుంటా తీగ మెలేసినాలేమ్మా" అన్నాడు.

నాయన మంచం కిటికీ దగ్గర నుంచి జరుపు, దుమ్ము పడుతుంది. బర్రె ఈనిందా? పెయ్యా, దున్నా? పెద్దమ్మను అడిగానని చెప్పు.

వచ్చే అమావాస్యకు దండ మామూలుగానే గుచ్చు. దారపుండ తెచ్చిపెట్టమన్నాడు నాయన. ముడి తనే చూసి వేస్తాడట.

నీ కూతురు,
వినీత